కోడిపెట్టకు క్రాప్ ఇబ్బంది వస్తే: గుర్తించడం నుంచి కోలుకునేదాకా

పెంపుడు కోడికి మెడ కింద ఉబ్బు కనిపించగానే కంగారులో రెండు పనులు చేసేస్తుంటారు. నోట్లో నూనె పోయడం ఒకటి, కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి కక్కించడం రెండోది. మొదటిది కొన్నిసార్లు పనికొస్తుంది. రెండోది బాగానే బతకాల్సిన కోడిని కూడా నిమిషాల్లో చంపగలదు. ఈ రెండింటికీ ముందు చెయ్యాల్సిన పని ఇంకొకటుంది. పొద్దున్నే, మేత వేయకముందు, క్రాప్‌ను, అంటే మెడ మొదట్లో మేత దాచుకునే సంచిని, చేత్తో తడిమి చూడాలి. ఆ పరీక్ష చేయకుండా ఏ వైద్యం మొదలుపెట్టినా అది ఊహ మీద నడిచే వైద్యమే.

క్రాప్ ఏం చేస్తుంది

క్రాప్ అంటే అన్నవాహిక మధ్యలో ఉండే సాగే సంచి. కోడి మెడ మొదట్లో, రొమ్ము పైభాగాన, కోడికి కుడివైపుగా ఉంటుంది. కోడికి పళ్లు లేవు కాబట్టి మేతను నమలకుండా మింగేసి ముందు ఇక్కడ దాచుకుంటుంది. మేత తడిసి మెత్తబడుతూ కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంది. ముందు ఆమ్లం ఊరే జీర్ణాశయంలోకి, అక్కణ్నుంచి కందనకాయలోకి వెళ్తుంది. అసలు నూరుడు పనంతా కందనకాయదే, అందులోని చిన్న రాళ్లే దానికి పళ్లు.

ఈ దారి మొత్తాన్ని దృష్టిలో పెట్టుకోవాలి. క్రాప్ ఖాళీ కాకపోతే లోపం క్రాప్‌లోనే ఉందని అనుకోవడానికి లేదు. కింద కందనకాయ దగ్గర అడ్డం పడినా, పేగులు మందగించినా, కోడికి ఇంకేదో జబ్బు చేసినా పైన మేత నిలిచిపోతుంది. మనకు చేతికి దొరికేది క్రాప్ ఒక్కటే కాబట్టి నేరమంతా దాని మీదే వేస్తాం.

ఆరోగ్యంగా ఉన్న కోడి సాయంత్రం గూటికి చేరే వేళకు క్రాప్ నిండుగా, ఒకవైపుకు ఉబ్బి ఉంటుంది. తెల్లారేసరికి దాదాపు పూర్తిగా ఖాళీ అయి, వేళ్లకు చర్మం తప్ప ఏమీ తగలదు. సాయంత్రం ఉబ్బు చూసి జబ్బనుకుని వైద్యం మొదలుపెట్టేవాళ్లు తక్కువేమీ కాదు. పొదుగుతున్న పెట్టల విషయంలో ఈ పొరపాటు ఇంకా ఎక్కువ. అవి రోజుకు ఒకటి రెండుసార్లే గుడ్ల మీద నుంచి లేచి గబగబా కడుపు నిండా తినేస్తాయి కాబట్టి, ఆ కాసేపట్లో క్రాప్ చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

పరీక్ష చేసే పద్ధతి

అనుమానం వచ్చిన రోజు సాయంత్రమే మొదలుపెట్టండి. చీకటి పడ్డాక కోడి నిద్రమత్తులో ఉంటుంది, పట్టుకోవడం సులువు. రెక్కలు విప్పుకోకుండా చంకలో ఇముడ్చుకుని, రెండో చేతి వేళ్లతో మెడ మొదట్లో మెల్లగా తడమండి. ఎంత పెద్దగా ఉంది, గట్టిగా ఉందా మెత్తగా ఉందా గుర్తుపెట్టుకోండి. ఆ సమయానికి క్రాప్ అసలు ఖాళీగా ఉంటే కోడి పగలంతా తినలేదని అర్థం. అది క్రాప్ జబ్బు కాదు, వేరే ఏదో జబ్బు వల్ల తిండి మానేసింది.

ఆ రాత్రి ఆ కోడిని విడిగా ఉంచండి. మేత, గడ్డి, ఊక ఏవీ అందకూడదు. అడుగున పాత తువ్వాలో వార్తాపత్రికో వేస్తే చాలు. గడ్డి పరిస్తే రాత్రో తెల్లవారుజామునో దాన్నే తినేస్తుంది, అప్పుడు పరీక్షకు అర్థం ఉండదు. నీళ్లు మాత్రం పెట్టండి.

తెల్లారి మేత పెట్టకముందే మళ్లీ తడిమి చూడండి. ఖాళీ అయితే క్రాప్ బాగానే పనిచేస్తోంది. నిన్నటి ఉబ్బు అలాగే ఉంటే ఇబ్బంది ఉన్నట్టే. సగం దిగితే మందగించిందని లెక్క. ఆ రోజంతా కొద్దికొద్దిగా మెత్తటి మేత పెట్టి, మర్నాడు పొద్దున ఇంకోసారి చూడాలి.

చేయి ఎలాగూ కోడి మీదే ఉంది కాబట్టి మరికొన్ని చూసేయండి. రొమ్ము మధ్య ఎముకను వేలితో రాయండి. దానికి రెండు వైపులా కండ నిండుగా ఉండాలి. ఎముక కత్తి అంచులా తగులుతుంటే కోడి రోజుల తరబడి తిండి ఒంటబట్టక చిక్కిపోతోందన్నమాట. ముక్కు తెరిచి లోపల వెలుతురులో చూడండి, వాసన చూడండి. పరిచిన కాగితం మీద రాత్రి వేసిన రెట్టలు లెక్క చూడండి. చాలా తక్కువగా, ఆకుపచ్చగా, నీళ్లగా ఉంటే కడుపులోకి మేత దిగడం లేదని గుర్తు. చివరగా వంటింటి తూకం మీద బరువు చూసి రాసి పెట్టుకోండి. కోడి తన జబ్బును చివరిదాకా దాచుకుంటుంది, బరువు మాత్రం దాచలేదు.

చేతికి తగిలేది ఏం చెబుతుంది

గట్టిగా, ముద్దగా, నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయేలా తగిలితే మేత లోపల గడ్డకట్టింది. పొడుగాటి గడ్డి పరకలు, ఎండుగడ్డి, దారం, ప్లాస్టిక్ ముక్కలు, ఈకలు ఒకదానికొకటి చిక్కుకుని ఒక ఉండలా మారతాయి. కోడికి ఆకలి ఉంటుంది, తినబోతుంది, కానీ మింగింది కిందికి పోదు. మెడను అటూ ఇటూ సాగదీస్తూ, వంకర్లు తిప్పుతూ ఉంటుంది.

నీళ్లు నింపిన బెలూన్‌లా వదులుగా, కదిలిస్తే లోపల ద్రవం ఊగుతున్నట్టు తగిలి, నోటి నుంచి పులిసిన వాసన వస్తుంటే క్రాప్ పులిసింది. కోడి తల వంచినప్పుడు ముక్కులోంచి ద్రవం కారవచ్చు. నోట్లో తెల్లటి పూత కనిపించినా ఆశ్చర్యం లేదు. దీని వెనక ఎక్కువగా కాండిడా అల్బికాన్స్ అనే ఈస్ట్ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కోడిలో కూడా ఇది కొద్దిగా ఉంటుంది. మేత నిలవ ఉన్నప్పుడు, లేదా యాంటీబయాటిక్స్ ఎక్కువ రోజులు వాడినప్పుడు అదుపు తప్పి పెరుగుతుంది.

పొద్దున, సాయంత్రం తేడా లేకుండా సంచి కిందికి జారి వేలాడుతూ, నడుస్తుంటే ఊగుతుంటే అది వేలాడే క్రాప్. గోడ కండరం సాగిపోయి తిరిగి ముడుచుకోలేని స్థితి.

నోట్లో, గొంతులో పసుపుపచ్చ రంగులో జున్నులాంటి గడ్డలు కనిపిస్తే మాత్రం ఈస్ట్ అనుకోవద్దు. ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే క్యాంకర్ అయ్యుండొచ్చు. దాని మందు వేరు, ఈస్ట్ మందు దాని మీద పనిచేయదు. ఆ గడ్డలను గీకి తీసే ప్రయత్నం అసలు చేయకండి, రక్తం కారుతుంది. నేరుగా డాక్టర్‌కు చూపించండి.

ఇంట్లో ఆగకూడని సందర్భాలు

కోడి నోరు తెరుచుకుని ఊపిరి తీస్తున్నా, నిలబడలేకపోతున్నా, ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ చాచి పడిపోతున్నా, బాగా చిక్కిపోయినా, క్రాప్ మీద గాయమో రంధ్రమో ఉన్నా ఇంటి వైద్యం వద్దు. అదే రోజు పక్షులను చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. దారం నోట్లోంచి వేలాడుతుంటే లాగకండి, రెండో కొస లోపల ఎక్కడ చిక్కుకుందో బయటికి తెలియదు. ఒకేసారి రెండు మూడు కోళ్లు డీలాపడి, దగ్గు, తల వాపు, ఉన్నట్టుండి చావులు కనిపిస్తే అది క్రాప్ సంగతి కాదు. అంటువ్యాధిగా భావించి పశువైద్య అధికారులకు వెంటనే చెప్పాలి.

గట్టిపడిన క్రాప్‌కు చేయాల్సినవి

ముందు కోడిని గాలి తగలని వెచ్చని చోట, మిగతా కోళ్లకు దూరంగా ఉంచండి. మేత తీసేయండి. 12 గంటలు సరిపోతుంది, ఎంతైనా 24 గంటలు దాటనివ్వద్దు. పైనుంచి కొత్త మేత పడుతుంటే కింద గడ్డ కరగదు. ఇప్పటికే చిక్కిపోయిన కోడిని మాత్రం పస్తు పెట్టకండి, దానికి డాక్టర్ చెప్పిన ద్రవాహారం కావాలి.

తర్వాత కావలసింది నీళ్లు. నూనె కన్నా ముందు నీళ్లే. చాలా గడ్డలు ఎండి గట్టిపడినవి, నానితే సగం వదులవుతాయి. గోరువెచ్చని నీళ్ల గిన్నె ముందు పెట్టి కోడిని తనంతట తాను తాగనివ్వండి. తాగకపోతే ముక్కు పక్కన అంచు మీద ఒక్కో చుక్క వేస్తూ, ప్రతి చుక్క మింగిందో లేదో చూసి, తర్వాతది వేయండి. సిరంజితో గొంతులోకి చిమ్మకండి. కోడి నాలుక మొదట్లోనే ఊపిరి గొట్టం తెరుచుకుని ఉంటుంది. అందులోకి నీళ్లో నూనెనో వెళ్తే క్రాప్ కన్నా పెద్ద ప్రమాదం మనమే తెచ్చినట్టు.

నూనె ఇవ్వాలనుకుంటే కొబ్బరినూనెను ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, బఠాణీ గింజంత ముక్కలు నాలుగైదు తినిపించడం మేలు. చాలా కోళ్లు ఇష్టంగానే తింటాయి. సుమారు 25 డిగ్రీలకే కరిగే నూనె అది, కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్లగానే కరుగుతుంది, ఊపిరితిత్తుల్లోకి జారే భయం తక్కువ. మొత్తం మీద అర టీస్పూను చాలు. నూనె గడ్డిని కరిగించదు, జారుడు మాత్రమే ఇస్తుంది. అందుకే ఒక మోతాదు పనిచేయలేదని నాలుగు మోతాదులు పోయడంలో అర్థం లేదు.

నీళ్లు తాగి ఓ అరగంట గడిచాక మర్దన. కోడిని నిటారుగా, తల పైకి ఉండేలా పట్టుకోండి. గడ్డ మధ్యలో నొక్కకుండా అంచుల నుంచి మొదలుపెట్టి, బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య నెమ్మదిగా పిసుకుతూ ముద్దను విడదీయాలి. పైకి, గొంతువైపు తోయకూడదు. ఐదు నిమిషాలు చాలు, రోజుకు మూడు నాలుగు సార్లు చేయొచ్చు. కోడి గింజుకున్నా, నోట్లోంచి ద్రవం వచ్చినా, ఊపిరి వేగం పెరిగినా వెంటనే ఆపి కింద దించేయండి. ఎంత గట్టిగా నొక్కాలని అడిగితే నా జవాబు ఒకటే: మీ కనురెప్ప మీద నొక్కుకోగలిగినంత. అంతకు మించి బలం అవసరమైతే ఆ గడ్డ మర్దనతో వదిలేది కాదు.

మర్నాడు పొద్దున గడ్డ చిన్నదై మెత్తబడి, రెట్టలు మళ్లీ రూపు కట్టి వస్తుంటే మీరు గెలుస్తున్నారు. నానబెట్టిన మేతను పలుచటి జావలా చేసి, లేదా ఉడికించిన గుడ్డు మెదిపి, ఒక్కోసారి రెండు చెంచాల చొప్పున రోజుకు నాలుగైదుసార్లు పెట్టండి. రెండు రోజులు చేసినా గడ్డ అలాగే ఉంటే ఇక ఇంట్లో ప్రయోగాలు చాలు. గడ్డి తాడులా పేనుకుపోయాక దాన్ని బయటికి తీయడమే మార్గం. డాక్టర్ మత్తు ఇచ్చి చర్మాన్నీ క్రాప్ గోడనూ చిన్నగా కోసి, లోపలిది తీసి, రెండు పొరలనూ విడివిడిగా కుడతారు. సమయానికి చేయిస్తే కోళ్లు దీన్నుంచి బాగానే కోలుకుంటాయి. బ్లేడుతో ఇంట్లోనే చేసేశామని ధైర్యంగా చెప్పుకునేవాళ్లు కనిపిస్తారు. మత్తు లేకుండా ప్రాణమున్న జీవిని కోయడాన్ని ధైర్యం అనడానికి నాకు నోరు రాదు.

పులిసిన క్రాప్‌కు

ఇక్కడ మొదటి జాగ్రత్త కోడిని ఎత్తుకోవడంలోనే ఉంది. లోపల ఉన్నదంతా ద్రవం. ఛాతీ మీద ఒత్తిడి పడేలా పట్టుకున్నా, తల కిందికి వంచినా అది నోట్లోకి వచ్చి ఊపిరి గొట్టంలోకి జారుతుంది. అందుకే కక్కించడం వద్దు, మర్దన కూడా వద్దు. క్రాప్‌ను ఖాళీ చేయడం తప్పదనిపిస్తే ఆ పని డాక్టర్ ట్యూబ్ వేసి చేయాలి.

ఇంట్లో చేయగలిగింది ఒక పూట మేత ఆపడం, శుభ్రమైన నీళ్లు పెట్టడం, తర్వాత మెత్తటి మేత కొద్దికొద్దిగా ఇవ్వడం. రొట్టె, అన్నం, పండ్లు, తీపి పదార్థాలు ఏవీ పెట్టకండి, ఈస్ట్‌కు చక్కెరే మేత. మేత గిన్నె, నీళ్ల గిన్నె రోజూ వేడినీళ్లతో కడిగి ఆరబెట్టండి.

ఈస్ట్ అని తేలితే ఎక్కువగా ఇచ్చే మందు నిస్టాటిన్. ఇది పేగుల నుంచి రక్తంలోకి పెద్దగా వెళ్లదు, తాకిన చోటే పనిచేస్తుంది. కాబట్టి మేతకు ముందు, క్రాప్ వీలైనంత ఖాళీగా ఉన్నప్పుడు ఇవ్వాలి. నిండు క్రాప్‌లో వేస్తే మందు మేతలో కలిసిపోతుంది, గోడకు అంటదు. మోతాదు కోడి బరువును బట్టి డాక్టర్ నిర్ణయిస్తారు. సాధారణంగా వారానికి పైగానే వాడాల్సి వస్తుంది, వాసన పోయింది కదా అని మూడో రోజే ఆపేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. మందు వాడుతున్నప్పుడు గుడ్లు తినొచ్చో లేదో, ఆపాక ఎన్నాళ్లు తినకూడదో కూడా అప్పుడే అడిగేయండి.

యాంటీబయాటిక్ సొంతంగా మొదలుపెట్టకండి. అది ఈస్ట్‌ను చంపదు సరికదా, దానికి పోటీగా ఉన్న మంచి బ్యాక్టీరియాను చంపి దారి సుగమం చేస్తుంది. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్ నీళ్లలో కలిపి ఇవ్వడం పాత పద్ధతి. మోతాదు కాస్త మించినా విషమే, ఒకటి రెండు కోళ్లు పెంచుకునేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది. యాపిల్ సైడర్ వెనిగర్ గురించి చాలా గొప్పలు వింటుంటాం. నాలుగు లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచా కలిపి ప్లాస్టిక్ గిన్నెలో పెడితే హాని లేదు, కానీ ముదిరిన జబ్బును అది నయం చేస్తుందని నమ్మి మందు మానేయకండి. పెరుగు కూడా అంతే. ఒక చెంచా పెడితే పర్లేదు, గిన్నెడు పెడితే కోడికి విరేచనాలే. పాలలోని చక్కెరను కోడి సరిగా అరిగించుకోలేదు.

వేలాడే క్రాప్‌తో బతకడం

సాగిన కండరం మళ్లీ మామూలుగా అవడం అరుదు. ఇక్కడ వైద్యం కన్నా పోషణే ముఖ్యం. మేత తక్కువ తక్కువగా ఎక్కువసార్లు పెట్టండి, గడ్డి మేయనివ్వకండి, నీళ్లు ఒక్కసారే గటగటా తాగే పరిస్థితి రానివ్వకండి. క్రాప్‌ను పైకెత్తి పట్టే గుడ్డ పట్టీలు ఉంటాయి. సంచి ఖాళీ చేయించాకే వాటిని కట్టాలి. నిండుగా ఉన్నప్పుడు కడితే ఒత్తిడికి ద్రవం గొంతులోకి ఎగదన్నుతుంది. మొదటి రోజుల్లో పూటపూటకూ విప్పి చర్మం ఒరుసుకుపోయిందేమో చూడండి. కట్టాక కోడి మామూలుగా ఊపిరి తీస్తూ, మింగగలుగుతూ ఉండాలి. కొన్ని కోళ్లు ఇలా ఏళ్ల తరబడి హాయిగా ఉంటాయి, కొన్ని పట్టీని అసలు ఒప్పుకోవు.

తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంటే

ఒకసారి గడ్డి తిని గట్టిపడటం వేరు. నెల తిరక్కుండా రెండోసారి వచ్చిందంటే క్రాప్ ఒట్టి సూచిక మాత్రమే, జబ్బు వేరే చోట ఉంది. నా అభిప్రాయంలో క్రాప్ వైద్యంలో అందరూ దాటేసే మెట్టు ఇదే.

రెట్ట పరీక్షతో మొదలుపెట్టడం సులువు, ఖర్చూ తక్కువ. కాపిలేరియా అనే సన్నటి నులిపురుగుల్లో కొన్ని క్రాప్ గోడలోనే కాపురం పెడతాయి, అవి ఉన్నంతకాలం గోడ వాచి సరిగా కదలదు. గుడ్లు పెట్టే వయసు కోడి అయితే గుడ్డు అడ్డం పడిందా, పొట్ట కింది భాగం ఉబ్బి వేడిగా ఉందా చూడాలి. గర్భకోశ జబ్బులు, కడుపులో గడ్డలు క్రాప్‌ను మందగింపజేస్తాయి. చిన్న వయసు కోడికి క్రాప్ ఉబ్బుతో పాటు కాళ్లో రెక్కలో చచ్చుబడితే మారెక్స్ వ్యాధిని అనుమానించాలి. అది నరాలను దెబ్బతీసే వైరస్, క్రాప్‌ను కదిలించే నరాన్నీ వదలదు. పాత రంగు పెచ్చులు, సీసం ముక్కలు మింగిన కోడిలో కూడా ఇదే కనిపిస్తుంది. క్రాప్ మెత్తగానే ఉండి ఎంతకీ దిగకపోతే ఒక ఎక్స్‌రే తీయించండి. కందనకాయలో మేకో, తీగ ముక్కో, గడ్డి ఉండో అడ్డం ఉంటే పైన ఎన్ని రోజులు మర్దన చేసినా ఒరిగేదేమీ లేదు.

కోలుకున్నాక

మామూలు మేతకు మూడు నాలుగు రోజుల్లో నెమ్మదిగా మారండి. ఆ వారం రోజూ పొద్దున క్రాప్ తడమడం, బరువు రాయడం మానకండి. మందలోకి తిరిగి కలిపేటప్పుడు మిగతావి పొడవకుండా కాసేపు దగ్గరుండి చూడండి.

నేల మీద పెరిగే గడ్డిని కోడి ముక్కుతో తెంపుకుని చిన్న ముక్కలుగానే తింటుంది. కోసి పోసిన గడ్డితోనే ప్రమాదం, నేలలో వేరు పట్టు ఉండదు కాబట్టి పొడుగు పరకను అలాగే మింగేస్తుంది. అందుకే కోసిన గడ్డి వేయకండి, వేయక తప్పకపోతే రెండు సెంటీమీటర్ల ముక్కలుగా తరగండి. కోళ్లు తిరిగే చోట గడ్డి ఏపుగా పెరిగితే కోళ్లను వదిలేముందు పొట్టిగా కత్తిరించి, కోసినదంతా ఎత్తేయండి. దారాలు, రబ్బరు బ్యాండ్లు, సంచుల పోగులు ఏరేయండి. గ్రిట్, అంటే కందనకాయలో మేతను నూరే చిన్న రాళ్లు, ఎప్పుడూ అందుబాటులో ఉంచండి, కరగని రాతి గ్రిట్ అయ్యుండాలి. ఆల్చిప్పల పొడి దానికి బదులు కాదు, అది కాల్షియం కోసం, కడుపులో కరిగిపోతుంది. బూజు పట్టిన మేత అనుమానం ఉంటే పారేయండి. మేత వేళలు బాగా తప్పితే కోడి ఆకలికి కింద పరిచిన గడ్డినే తినడం మొదలుపెడుతుంది, కాబట్టి గూడు తెరవడం ఆలస్యమయ్యే రోజుల్లో రాత్రే కాస్త మేత, నీళ్లు లోపల పెట్టి పడుకోండి.